కాలేజీ ల్యాబ్‌లోని పాత పాముల సీసాలు: పారబోసే ముందు ఇలా చేయండి

"సార్, మా జువాలజీ ల్యాబ్‌లో ఓ బీరువా నిండా పాత సీసాలున్నాయి. పాములు, కప్పలు, తొండలు. సగం ఎండిపోయాయి. వచ్చే నెల నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) వాళ్లు వస్తున్నారు, ప్రిన్సిపాల్ గారు బీరువా ఖాళీ చేయమంటున్నారు. ఏం చేయమంటారు?"

ఏడాదికి నాలుగైదుసార్లు ఈ ఫోన్ వస్తుంది. కాలేజీ పేరొక్కటే మారుతుంది. అందుకే ఒకసారి వివరంగా రాసి పెడుతున్నాను.

ముందు ఒక్క మాట. పారబోయకండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2011లో డిసెక్షన్లు, అంటే ల్యాబ్‌లో జంతువుల్ని కోసి చూపడం, తగ్గించమంది, 2014లో ఆపేయమంది. దాంతో కొత్త స్పెసిమెన్లు (చూపడానికి దాచిన జీవులు) రావడం దాదాపు నిలిచిపోయింది. మీ బీరువాలో ఉన్నవే మీ ప్రాంతానికి మిగిలిన సాక్ష్యం. 1968లో మీ ఊరి చెరువులో ఏ కప్ప ఉండేదో ఇవాళ ఎవరిని అడిగినా చెప్పలేరు. ఆ సీసా చెబుతుంది, దాని మీద కాగితం ముక్క ఉంటే. కాగితం పోయిందంటే అది స్పిరిట్‌లో నానిన కప్ప, అంతే. కింద చెప్పిన పనులన్నీ ఆ కాగితాన్ని కాపాడుకోవడం చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

- నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు గాగుల్స్, పనిచేసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ (పేరుకు గోడకున్నది కాదు, తిరిగేది)
- 95 శాతం రెక్టిఫైడ్ స్పిరిట్ (శుద్ధి చేసిన ఆల్కహాల్). దీనికి ఎక్సైజ్ శాఖ పర్మిట్ కావాలి. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కి ఇప్పటికే ఉందేమో కనుక్కోండి
- డిస్టిల్డ్ వాటర్, రెండు మూడు మెజరింగ్ జార్లు
- ఆల్కహాల్ మీటర్ (0 నుంచి 100 దాకా గీతలున్న గాజు గొట్టం)
- ప్లాస్టిక్ మూతల కొత్త గాజు సీసాలు
- మందపాటి కాటన్ కాగితం, పెన్సిల్, తెల్ల నూలు దారం
- మొన తేలని ఫోర్సెప్స్, స్టీలు ట్రేలు, చేతి లెన్స్, వెర్నియర్ కాలిపర్స్
- బైండు చేసిన రిజిస్టరు, ఫోన్ కెమెరా
- చిన్న సీసాలో వేరుశనగ నూనె. ఎందుకో కింద తెలుస్తుంది

మనుషులు కూడా కావాలి. ఒక్కరే చేయొద్దు. ఒకరు సీసా పట్టుకోవాలి, ఇంకొకరు రాయాలి. చేతికి గ్లౌజు, చేతిలో పెన్సిల్ అంటే రెండూ చెడతాయి.

చట్టం సంగతి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉడుము, కొండచిలువ, నాగుపాము మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. మీ బీరువాలో ఈ మూడూ ఉండే అవకాశమే ఎక్కువ. కాబట్టి రిజిస్టరు తయారయ్యాక ఒక కాపీతో జిల్లా అటవీ అధికారికి ఉత్తరం రాయండి. "ఇవి ఫలానా కాలం నుంచి మా దగ్గర బోధన కోసం ఉన్నాయి" అని చెప్పి, ఆయన ఏం చేయమంటే అది చేయండి. అక్నాలెడ్జ్‌మెంట్ కాపీ ఫైల్లో పెట్టుకోండి.

రోడ్డు మీద బండి కింద పడిన పామును పిల్లలు ఉత్సాహంగా పట్టుకొస్తారు. చచ్చిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. రాతపూర్వక అనుమతి లేకుండా సీసాలో వేయొద్దు. ఫొటో తీసి, చోటు, తేదీ రాసుకోండి. చాలాసార్లు ఆ మాత్రం చాలు.

1. మూత తీయకముందే ఫొటో, నంబరు

బీరువా తలుపు తీసి, ఏదీ కదపకుండా అరల ఫొటోలు తీయండి. తర్వాత ఒక్కో సీసాను బయటికి తీసి నాలుగు వైపులా, పైనా ఫొటోలు. పక్కపక్కన ఉన్న సీసాలు ఒకే విహారయాత్రలో సేకరించినవి కావచ్చు. ఆ వరస చెరిగిపోతే మళ్లీ తెలియదు.

ఇప్పుడు ప్రతి సీసాకు తాత్కాలిక నంబరు ఇవ్వండి. నంబరు గాజు మీద అంటించండి. మూత మీద మాత్రం వద్దు.

ఇది చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీలో 60 సీసాలకు ముచ్చటగా మూతల మీద నంబర్లు వేశాను. సాయంత్రం అటెండర్ మూతలన్నీ ఒక బకెట్లో వేసి సబ్బుతో కడిగి, ఎండలో బోర్లించాడు. అతని తప్పేమీ లేదు, మూతలు మురికిగా ఉన్నాయి. మర్నాటికి 14 సీసాలకు ఏది ఏదో తేలలేదు. వాటిలో అయిదు ఇప్పటికీ "స్థలం తెలియదు" అనే అరలో ఉన్నాయి.

2. ఉన్న లేబుల్‌ను ఉన్నట్టే రాయండి

రిజిస్టరులో ఈ గడులు ఉండాలి: నంబరు, పాత లేబుల్ మీద రాసింది అక్షరం పొల్లుపోకుండా, జీవి పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించిన వారు, స్థానిక పేరు, ఏ ద్రవంలో ఉంది, ప్రస్తుత పరిస్థితి, రిమార్కులు.

"అక్షరం పొల్లుపోకుండా" అన్నది ఊరికే అనలేదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పాత లేబుల్‌లో తప్పు కనబడగానే చెయ్యి ఊరుకోదు, దిద్దేస్తారు. ఒక ఉదాహరణ. లేబుల్ మీద "భద్రాచలం, తూర్పు గోదావరి జిల్లా" అని ఉందనుకోండి. "ఎవరో తప్పు రాశారు, ఖమ్మం కదా" అనిపిస్తుంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలోనే ఉండేది. మీరు "ఖమ్మం" అని దిద్దితే, ఆ సీసా 1959కి ముందుదని చెప్పే ఒకే ఒక్క ఆధారాన్ని చెరిపేసినట్టు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాక ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. పాత పేరు పాత గడిలో, ఇప్పటి మండలం, జిల్లా రిమార్కుల గడిలో.

పేర్ల గందరగోళం మన కాలేజీలకే పరిమితం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1870లో ఒక అరుదైన నలికండ్లపాము (పేరుకే పాము, నిజానికి బల్లి లాంటిది) జాతిని వర్ణిస్తూ దొరికిన చోటు "గోల్కొండ కొండలు" అని రాశాడు. హైదరాబాద్ కోట చుట్టూ వెతికితే అది దొరకదు. ఆయన చెప్పింది నర్సీపట్నం దగ్గరి గొలుగొండ వైపు కొండల గురించి. ఊరి పేరుతో పాటు తాలూకా, దగ్గరి వాగో చెరువో రాయమని పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఈ కథే చెబుతాను.

స్థానిక పేరు గడిని ఖాళీగా వదలకండి. పాట్రిక్ రస్సెల్ అనే బ్రిటిష్ వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ పాముల గురించి రాసుకున్నప్పుడు తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో రక్తపింజర పేరు "కాటుక రేకుల పొడ". కట్లపాము ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన బంగారస్ అన్న పేరు మన "బంగారు" నుంచి వెళ్లిందే. మీ అటెండర్ చెప్పే పేరు కూడా అంతే విలువైనది.

3. లోపల ఏ ద్రవం ఉందో తేల్చుకోండి

మూత తీసి ముక్కు పెట్టి చూడటం మన ల్యాబుల్లో పాత అలవాటు. మానేయండి. పాత సీసాల్లో ఉండే ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లు. ఈ ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది.

దీనికే ఆ వేరుశనగ నూనె. గ్లౌజులు వేసుకుని, ఫ్యాన్ కింద, డ్రాపర్‌తో కొంచెం ద్రవం టెస్ట్ ట్యూబులోకి తీసుకోండి. ఒక చుక్క నూనె వేయండి.

- నూనె పైన తేలితే: ఫార్మలిన్, లేదా బాగా పలచబడిపోయిన స్పిరిట్
- నూనె అడుక్కి దిగిపోతే: ఆల్కహాల్, దాదాపు 60 శాతం పైనే ఉంది
- మధ్యలో ఎటూ కాకుండా వేలాడితే: ఆల్కహాలే, కానీ బలం తగ్గిపోయింది

ఇది మోటు పరీక్ష. పాతవాళ్లు గ్లిజరిన్ కలిపి ఉంటే తప్పుతుంది. ద్రవం సరిపడా ఉంటే ఆల్కహాల్ మీటర్ వేసి చూడండి. ఆ మీటర్ల గీతలు సాధారణంగా 20 డిగ్రీలకు గీసినవి. మన ల్యాబులో 30 ఉంటుంది. అప్పుడు అసలు బలం కంటే మూడు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. 73 అని కనబడితే సంబరపడకండి, అది 70 అనుకోండి.

4. బిగుసుకున్న మూతలు

గాజు బిరడాలు ఏళ్ల తరబడి బిగుసుకుని ఉంటాయి. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మెడ చుట్టూ చుట్టి, రెండు నిమిషాలాగి మెల్లగా తిప్పండి. రాకపోతే మళ్లీ చుట్టండి. స్పిరిట్ లాంపు దగ్గరికి తీసుకెళ్లారో, అయిపోయారు. 70 శాతం ఆల్కహాల్ ఆవిరి 17 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మన దగ్గర ఫ్యాన్ కింద, జనవరి పగలైనా అంతకంటే వేడే. ఈ గదిలో బర్నర్, అగ్గిపుల్ల, ఇస్త్రీపెట్టె ఏదీ ఉండకూడదు.

తుప్పుపట్టిన రేకు మూతలుంటే వాటిని మార్చండి. ఊరగాయ సీసాలు వాడుకోవచ్చా అని అడుగుతుంటారు. గాజు ఫర్వాలేదు, కానీ దాని రేకు మూత రెండు వానాకాలాలు దాటదు.

5. 70 శాతం ఆల్కహాల్ కలపడం

737 మిల్లీలీటర్ల 95 శాతం స్పిరిట్‌కి డిస్టిల్డ్ వాటర్ పోసి లీటరు చేయండి. లెక్కలొద్దనుకుంటే మూడు గ్లాసుల స్పిరిట్, ఒక గ్లాసు నీళ్లు, సరిపోతుంది. 50 శాతానికి 526, 30 శాతానికి 316 మిల్లీలీటర్లు తీసుకుని అలాగే లీటరు చేయాలి.

"ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది కదా" అని నేరుగా 95 పోసేవాళ్లున్నారు. కప్ప ముడుచుకుపోయి ఎండుమిరపకాయ అవుతుంది. 50 కంటే తగ్గితే కుళ్లు మొదలవుతుంది.

స్పిరిట్ దొరకలేదని వేరేవి పోయకండి. నీళ్లు కలపగానే పాలలా మారే డీనేచర్డ్ స్పిరిట్ (తాగకుండా రసాయనాలు కలిపినది) వద్దు, థిన్నర్ వద్దు. కోవిడ్ తర్వాత స్టోర్ రూముల్లో మిగిలిపోయిన శానిటైజర్ డబ్బాలు ఇలాంటి సీసాల్లోకి చేరడం నేను కళ్లారా చూశాను. ఓనమాలు నేర్చుకునే పిల్లాడి పలకలా జిగటగా, మసకగా తయారైంది ఆ తొండ. స్పిరిట్ పర్మిట్ వచ్చేదాకా మూత గట్టిగా బిగించి ఆగడమే మేలు.

మట్టం కొంచెం తగ్గిన సీసాలో నీళ్లు పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు ఆవిరయ్యేది ఆల్కహాలే కాబట్టి మిగిలినది అప్పటికే పలచన. ఒక అంగుళం లోపు తగ్గితే 70 శాతం పోయండి. అంతకంటే తగ్గితే మీటరు వేసి చూసి, 60 కంటే తక్కువుంటే మొత్తం మార్చేయండి.

6. ఫార్మలిన్ నుంచి ఆల్కహాల్‌లోకి

అన్నీ మార్చాల్సిన పనిలేదు. ఫార్మలిన్ నిలవ ఉన్నకొద్దీ ఆమ్లంగా మారి ఎముకల్లో సున్నాన్ని కరిగిస్తుంది. కప్పలు, బల్లుల్లాంటి చిన్నవాటికి అది ముందు దెబ్బ, కాబట్టి వాటితో మొదలుపెట్టండి.

మార్చాలనుకున్నవాటిని నీళ్లలో రెండు రోజులు ఉంచి, నాలుగైదుసార్లు నీళ్లు మార్చండి. తర్వాత 30 శాతంలో ఒక రోజు, 50లో ఒక రోజు, ఆపైన 70. లావుపాటి పాములకు ఒక్కో మెట్టు దగ్గర రెండు మూడు రోజులు ఇవ్వండి. స్పెసిమెన్‌కు కనీసం మూడింతలు ద్రవం ఉండాలి. కుక్కిన సీసాలో పాము లోపలి నీరు కూడా ఆల్కహాల్‌లోకి వచ్చి పలచన చేస్తుంది. నెల తర్వాత ఒకసారి ద్రవం మార్చండి.

ఒకసారికి ఒక్క సీసా. ట్రేలో నాలుగు తొండల్ని పక్కపక్కన పెట్టి "గుర్తుంటుందిలే" అనుకున్నవాళ్లు ఎవరికీ గుర్తుండలేదు.

పాత ఫార్మలిన్‌ను సింకులో పోయకండి. మూతబిగిసే క్యాన్లో పోసి, పేరు రాసి, ప్రమాదకర రసాయన వ్యర్థాలు తీసుకెళ్లే లైసెన్సు ఉన్నవాళ్లకు ఇవ్వండి. కెమిస్ట్రీ వాళ్ల వ్యర్థాలతో కలిపి పంపితే ఖర్చు కలిసొస్తుంది.

విషసర్పాల నోరు వేళ్లతో తెరవకండి. ఎన్నేళ్లయినా కోర కోరే.

7. పూర్తిగా ఎండిపోయినవి

లీటరు నీళ్లలో 5 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపి అందులో నాననివ్వండి. చిన్న కప్పకు కొన్ని గంటలు, పాముకు ఒకటి రెండు రోజులు. మధ్యమధ్య చూస్తూ ఉండాలి. కాళ్లు మెత్తబడి వంగగానే తీసి, నీళ్లతో కడిగి, 30, 50, 70 మెట్లు ఎక్కించండి. అతిగా నానితే చర్మం ఊడుతుంది.

లేబుల్‌లో చోటూ తేదీ ఉన్న ఒకే ఒక్క స్పెసిమెన్ అయితే ప్రయోగం చేయకండి. ఎండినదాన్ని ఎండినట్టే సిలికా జెల్‌తో డబ్బాలో దాచండి.

8. కొత్త లేబుల్

లేబుల్ సీసా లోపల ఉండాలి. బయట అంటించింది చెమ్మకు ఊడుతుంది, బొద్దింక తింటుంది. కాటన్ కాగితం మీద పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. లేజర్ ప్రింట్ బాగుంటుంది కానీ, కొన్నేళ్లకు అక్షరాలు రాలి అడుగున నల్లటి పొడిలా కనిపిస్తాయి. నమ్మకం కావాలంటే ముందు రాసిన ముక్కను 24 గంటలు స్పిరిట్‌లో ఉంచి, వేలితో గట్టిగా రుద్ది చూడండి.

తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి. "5-8-74" ఆగస్టు అయిదో, మే ఎనిమిదో ఎవరికి తెలుసు?

సీసాలో ఒకటి కంటే ఎక్కువ ఉంటే దేనికదే నంబరు చీటీ. కప్పకు, బల్లికి వెనక కాలికి మోకాలి పైన, పాముకు మెడ వెనక కొంచెం దిగువన నూలు దారంతో కట్టండి. పాత లేబుల్‌ను, అది చిరిగినా, తప్పైనా, కొత్త దానితో పాటు లోపలే వదిలేయండి.

9. పేరు సరిచూసుకోవడం

మన కాలేజీ బీరువాల్లో "కట్లపాము" అని రాసిన సీసాల్లో, దానిలాగే చారలుండే విషం లేని తోడేలు పాములు తరచుగా దొరుకుతాయి. స్పిరిట్‌లో చారలు వెలిసిపోతాయి కాబట్టి రంగు చూసి చెప్పలేం. పసిరిక పామైతే ఏకంగా నీలంగా మారుతుంది. పసుపు రంగు కరిగిపోయి నీలం మిగులుతుంది. దాన్ని కొత్త జాతి అనుకుని నాకు ఫొటో పంపినవాళ్లున్నారు.

పొలుసులే సాక్ష్యం. పామును ట్రేలో పెట్టి, నడుము దగ్గర బ్లాటింగ్ కాగితంతో మెల్లగా అద్దండి. తడి ఆరుతుంటే పొలుసుల అంచులు ఒక్కొక్కటే తేలతాయి, అప్పుడు లెన్స్ పెట్టండి. పొట్ట పలక (పొట్ట కింద అడ్డంగా ఉండే వెడల్పు పొలుసు) అంచు నుంచి వీపు మీదుగా అవతలి అంచు దాకా ఏటవాలుగా లెక్కపెట్టండి. పొట్ట పలకను లెక్కలో కలపొద్దు.

- కట్లపాము: 15 వరసలు. వీపు మధ్య వరస పొలుసులు పెద్దవి, ఆరు పలకలవి. తోక కింద పలకలు ఒంటివి.
- తోడేలు పాము: 17 వరసలు. వీపు మధ్య వరస మిగతావాటిలాగే ఉంటుంది. తోక కింద పలకలు జంటలుగా ఉంటాయి.

తోక కిందికి తిప్పి చూడటం పది సెకన్ల పని. అక్కడితో చాలామటుకు తేలిపోతుంది.

శాస్త్రీయ నామాలు మారుతూ ఉంటాయి. మనం బూఫో మెలనోస్టిక్టస్ అని చదువుకున్న గోదురుకప్ప 2006 తర్వాత దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ అయింది. ఆ పేరులోని దత్తా మన దేశపు కప్పల శాస్త్రవేత్త. రిజిస్టరులో పాత పేరు కొట్టేయకుండా, పక్కన కొత్త పేరు, రాసినవారి సంతకం, తేదీ వేయండి.

10. బీరువాలోకి

నేరుగా ఎండ పడని గది. కింది అరల్లో పెద్ద సీసాలు, పై అరల్లో చిన్నవి. కింద ఇసుక బకెట్, దగ్గర్లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. ప్రతి సీసా గాజు మీద ద్రవం మట్టం దగ్గర సన్నని మార్కర్ గీత, పక్కన తేదీ.

సరిగ్గా చేశామో లేదో ఎలా తెలుస్తుంది?

వారం తర్వాత: ఏ సీసానైనా బోర్లించి అయిదు నిమిషాలు టిష్యూ కాగితం మీద ఉంచండి. కాగితం తడిస్తే మూత మార్చాలి.

నెల తర్వాత: ద్రవం పసుపుగా మారడం సహజం, కొవ్వు దిగుతుంది. మసకబారి పొరలా తేలుతుంటే మాత్రం లోపల కుళ్లుతోంది. పొట్ట మీద ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే సరే. బెలూన్‌లా లోపలికి పోతే అసలు మొదట్లోనే లోపలికి ఫార్మలిన్ ఎక్కించలేదని అర్థం. దాన్ని విడిగా పెట్టండి.

మే నెల చివర: మార్కర్ గీతలు చూడండి. ఎండాకాలం దాటాక మట్టం గీత మీదే ఉంటే మీ మూతలు పాసయినట్టే.

ఇంకో పరీక్ష ఉంది, నాకు ఇష్టమైనది. ఈ పనిలో లేని ఒక విద్యార్థికి రిజిస్టరు ఇచ్చి, ఏదో ఒక నంబరు చెప్పి, సీసా తెమ్మనండి. తర్వాత ఇంకో సీసా ఇచ్చి, దాని వరస రిజిస్టరులో వెతకమనండి. రెండు వైపులా పదికి పది కుదరాలి. కుదరకపోతే ఆ రోజే సరిచేయండి.

ఇంత చేసే ఓపిక, గది, డబ్బు మాకు లేవంటారా? అయితే మొదటి రెండు మెట్లయినా చేయండి. ఫొటోలు, రిజిస్టరు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని భారత జంతు సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రానికో, మీ యూనివర్సిటీ జువాలజీ విభాగానికో జాబితా పంపి, వీటిలో ఏవైనా తీసుకుంటారా అని అడగండి. అటవీశాఖకు కూడా తెలియజేసి, వాళ్ల అనుమతి వచ్చాకే సీసాలు కదిలించండి. పంపేటప్పుడు రిజిస్టరు జిరాక్స్ పెట్టెలో పెట్టండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.